ఎస్తేరు అక్క పెట్టిన ఏడుపు ర్యాక్

నిన్న పొద్దున టీ పెడుతుంటే ఫోన్ మోగింది. ఎస్తేరు అక్క తమ్ముడు.

"పద్మక్కా, అక్క ఇగ లేదు. తెల్లారి లేపుదామని పోతే సల్లగ అయ్యింది."

పాలు పొంగి స్టవ్ మీదంతా పోయాయి.

మొన్న ఆదివారమే మాట్లాడాను. మోకాళ్లు నొస్తున్నాయంది. అంతే.

ఇంకా నమ్మలేకపోతున్నాను.

అక్క ఎవరో మీలో చాలామందికి తెలియదు. ఇవాళ చెప్పాలి.

తొంభైల మొదట్లో బొగ్గు గనుల ఊరు మందమర్రిలోని పబ్లిక్ లైబ్రరీలో ఆమె లైబ్రేరియన్. నేను కొత్తగా చేరిన టెంపరరీ అసిస్టెంట్‌ని. అక్క రోజూ బెల్లంపల్లి నుంచి బస్సులో వచ్చేది. వచ్చీ రాగానే బల్లల మీది బొగ్గు దుమ్ము తనే తుడిచేది. మధ్యాహ్నానికి మళ్లీ నల్లగా అయ్యేవి. మళ్లీ తుడిచేది.

ఊళ్లో ఒక వీడియో షాపు మూసేస్తూ, ఓనర్ తన కాసెట్లన్నీ లైబ్రరీకి ఇచ్చేశాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి, జనం అడిగిన సినిమా టీవీలో వేసేవాళ్లం.

కానీ ఎవరికీ సినిమా పేరు గుర్తుండేది కాదు. "నవ్వొచ్చేది ఏస్తరా?" "దేవుని సిన్మ ఉన్నదా?" ఇట్లా అడిగేవాళ్లు. మేము గుట్టలో వెతుక్కునేవాళ్లం.

ఒకరోజు అక్క అంది. "పద్మా, జనం పేరు అడుగుతలేరు. ఎసొంటిదో అడుగుతుండ్రు. మనం గట్లనే సర్దుదాం."

అలా మొదలైంది. భక్తి, హాస్యం, కుటుంబం, ఫైటింగ్, జానపదం. ఒక్కోదానికి ఒక ర్యాక్. సగం కాసెట్లు అక్క, సగం నేను పంచుకున్నాం. అక్క పెట్టిన రూల్ ఒక్కటే. సినిమా ఆఖరిదాకా చూశాకే చీటీ అంటించాలి.

ఒక కాసెట్ నేను ఆఖరిదాకా చూడలేదు.

కవర్ మీద కొత్త పెళ్లిజంట పకపకా నవ్వుతోంది. మొదటి అరగంట చూశాను, అంతా జోకులే. 'హాస్యం' అని రాసి అంటించేశాను.

ఆ ఆదివారం హాల్లోకి కనకలక్ష్మి వచ్చింది. నెలన్నర కింద బాయిలో, అదే బొగ్గు గనిలో, పైకప్పు కూలి ఆమె భర్త చనిపోయాడు. ఇద్దరు చిన్న పిల్లలు. కాస్త మనసు తేలికపడుతుందని పక్కింటామె బలవంతంగా తీసుకొచ్చింది. నవ్వొచ్చేది వేయమని అడిగింది. నేను ఆ కాసెట్టే పెట్టాను.

ఇంటర్వెల్ తర్వాత ఆ సినిమాలో పెళ్లికొడుకు ఫ్యాక్టరీ ప్రమాదంలో చనిపోతాడు.

కనకలక్ష్మి ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అక్క పరుగున వచ్చి టీవీ ఆపేసింది. ఆమెను పట్టుకుని బయటికి తీసుకెళ్లింది.

మర్నాడు కనకలక్ష్మి మరిది లైబ్రరీకి వచ్చాడు. "నవ్వొచ్చేదని చెప్పి గదా మా వదినెకు సూపెట్టిండ్రు? ఎవ్వలు పెట్టిండ్రు గా సిన్మ?"

నేను బల్ల మీది రిజిస్టర్‌లోకి తల వంచాను.

"నేనే పెట్టిన తమ్మీ. తప్పు నాదే" అంది అక్క.

అతను రాతపూర్వకంగా కంప్లయింట్ ఇచ్చాడు. అక్కకు మెమో వచ్చింది. అన్నేళ్ల సర్వీసులో మొదటి మచ్చ. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ వారమే నన్ను వెంటబెట్టుకుని కనకలక్ష్మి ఇంటికి వెళ్లింది. గడపలోనే నిలబడి చేతులు జోడించింది. కనకలక్ష్మి ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది.

"మీరు దండం పెట్టకుండ్రి మేడం. ఇంట్ల ఏడిస్తే పిల్లలు బుగులుపడ్తరని మా అత్త ఊకో ఊకో అంటది. ఆయన పోయినంక కడుపునిండ ఏడ్సింది గా ఒక్కనాడే. గా సిన్మ మళ్ల ఎప్పుడేస్తరు?"



మర్నాటి నుంచి అక్క ప్రతి కాసెట్టూ మళ్లీ మొదటి నుంచి చూసింది. ఒక కొత్త ర్యాక్ ఖాళీ చేసి దాని మీద రాసింది: 'ఏడుపు వచ్చేవి.'

ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన సారు అది చూసి నవ్వాడు. "ఇదేం రకమమ్మా? ఏ లైబ్రరీలో ఉంది ఇట్లా?"

"ఇంట్ల ఏడ్వరానోల్లు గీ ఊర్ల మస్తుమంది ఉన్నరు సార్. ఆల్లు ఏడికి పోవాలె?"

సారు వినలేదు. చీటీ పీకించాడు. ఆయన జీపు ఎక్కి వెళ్లగానే అక్క అక్కడ 'కుటుంబం రెండో భాగం' అని కొత్త చీటీ అంటించింది. జనం మాత్రం ఏడుపు ర్యాక్ అనే పిలిచారు. నెలకో ఆదివారం ఆ ర్యాక్‌లోది వేసేవాళ్లం. ఆ రోజు హాల్లో ఆడవాళ్లే ఎక్కువ. బాయిల్లో పనిచేసే మగవాళ్లు కొందరు వెనక గోడకు ఆనుకుని, తువ్వాలతో మొహం తుడుచుకుంటూ నిలబడేవాళ్లు. అక్క ఎవరి వైపూ చూసేది కాదు. సినిమా అయిపోయాక కూడా కాసేపు కిటికీల దుప్పట్లు తీయనిచ్చేది కాదు.

తర్వాత ఇంటింటికీ కేబుల్ వచ్చింది. కాసెట్లకు బూజు పట్టింది. అక్క రిటైరైంది.

నిన్న సాయంత్రం చర్చి వెనక సమాధుల తోటలో అక్కను దించాం.

కనకలక్ష్మి వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. ఇన్నేళ్లు దాచిన మాట అక్కడే ఆమెతో చెప్పేశాను. ఆ 'హాస్యం' చీటీ రాసింది నేనని.

"నాకెరుకే పద్మక్కా" అంది. "మెమో వచ్చిందని తెలిసి, మా మరిదితోని కంప్లయింట్ వాపస్ తీసుకోమన్న. చీటీ ఎవ్వలు రాసిండ్రో పై సార్లు మళ్ల అడుగుతరని మేడమే వద్దన్నది. 'పద్మది టెంపరరీ నౌకరి, పోతది. నాకైతే మెమోనే గదా' అన్నది."

నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు అక్క. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా.

ఆ నౌకరీ మీదే నా పిల్లలు చదువుకున్నారు.

థాంక్స్ చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లు టైం ఇచ్చావు. నేను చెప్పలేదు.

పోయి రా అక్కా. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర నీ మోకాళ్ల నొప్పులూ, మా అందరి బరువులూ దించేసి, చల్లగా విశ్రాంతి తీసుకో.