కదలని నూగు

భవానీ పేట్‌లో మాది మరాఠీ ఊళ్లో తెలుగు నేతగాళ్ల వాడకట్టు, అందరూ ఎంతోకొంత దగ్గేవాళ్లే. మగవాళ్లం సాంచాల మీద, అంటే పవర్‌లూమ్‌ల మీద తువ్వాళ్లు నేస్తాం. ఆడవాళ్లు ఇళ్ల ముందు కూర్చుని బీడీలు చుడతారు. ఒకపక్క దూది ధూళి, ఒకపక్క తంబాకు. కానీ నా దగ్గు వాళ్ల దగ్గులాంటిది కాదు. తడి దగ్గు, పుట్టినప్పటి నుంచీ ఉంది. పొద్దున లేచేసరికి గొంతు నిండా కఫం ఉండేది. బడిలో నా పక్కవాడు బల్ల చివరికంటా జరిగి కూర్చునేవాడు. పెళ్లిళ్లకు పోతే తాళి కట్టే వేళకు నేను బయటకు వచ్చేసేవాణ్ని, ఆ సమయానికే దగ్గు తెర వస్తుందేమోనని.

చిన్నప్పుడు టీబీ అన్నారు. నెలల తరబడి మందులు మింగాను, ఏమీ తగ్గలేదు. అమ్మ మాత్రం అది తన తంబాకు వల్లే వచ్చిందని నమ్మింది. నేను కడుపులో ఉన్నప్పుడు కూడా ఆమె బీడీలు చుట్టింది. ఆ మాట ఎప్పుడూ నోటితో అనలేదు గానీ, నేను దగ్గినప్పుడల్లా ఒళ్లోని చేటను తీసి అవతల పెట్టేది. నేను చూడనట్టు ఉండేవాణ్ని.

నాకు పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు కలగలేదు. అమ్మ నా భార్యతో వారాలు చేయించింది, ఉపవాసాలు ఉంచింది, ఒక్కో డాక్టరు దగ్గరికీ తిప్పింది. ఇంటి ముందు కూర్చున్న ఆడవాళ్లతో, "ఏం చేస్తం, మా నసీబుల గిసొంటి కోడలు రాసి ఉన్నది" అనేది. నా భార్య లోపల రొట్టెలు చేస్తూ ఆ మాటలన్నీ వినేది. నేనూ వినేవాణ్ని. నాలో లోపం ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. దగ్గు దగ్గే, బలం బలమే అనుకునేవాణ్ని. నూలు చుట్టిన బీమును ఇంకొకరితో కలిసి భుజానికెత్తి సాంచా మీదికి ఎక్కించేవాణ్ని.

చివరికి ఒక డాక్టరమ్మ, "ఈమెలో నాకేమీ కనబడటం లేదు. ముందు భర్తను తీసుకురా" అందట. నేను వారం వారం వాయిదా వేశాను. ఒక రోజు నా భార్య పని దగ్గర నుంచే నన్ను లాక్కుపోయింది.

ల్యాబ్‌లో నా చేతికి డబ్బా ఇచ్చినతను మరాఠీలో మొదలుపెట్టి, నా మొహం చూసి తెలుగులోకి మారాడు.

"నువ్వు మనోనివే గదా? జోడ్‌భావి పేట్‌ల మా మామ ఉంటడు. నిన్ను ఏడనో చూసిన."

"లేదు, నన్ను కాదు" అన్నాను. డబ్బాను చొక్కా కింద దాచుకుని ఆ ఇరుకు గదిలోకి పోయాను.

రిపోర్టు చూసి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. నా వీర్యంలోని కణాలకు ప్రాణం ఉంది గానీ వాటిలో ఒక్కటీ కదలడం లేదట. నేను సమాధానం చెప్పబోతే దగ్గు వచ్చింది, చాలాసేపు ఆగలేదు. ఆమె కలం కింద పెట్టి, "ఈ దగ్గు ఎప్పటి నుంచి?" అని అడిగింది. లేచి వచ్చి నా ఛాతీకి ఎడమవైపు గొట్టం పెట్టింది. కాసేపటికి కుడివైపు పెట్టింది.

"మీ గుండె కుడివైపు ఉంది. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదా?"

చెప్పలేదు. చిన్నప్పటి ఛాతీ ఫోటో చూసినవాళ్లు ఫిల్మును తిరగేసి పెట్టామనుకుని ఉంటారని ఆమె అంది.

ఆ తర్వాత ఆమె చెప్పింది నాకు అప్పుడు సగమే ఎక్కింది. ఒంట్లో ప్రతి కదలిక వెనకా ప్రోటీన్లతో అయిన చిన్నచిన్న మోటార్లు ఉంటాయట. చెయ్యి ముడిస్తే, కండ లోపల ఒక రకం ప్రోటీన్ పక్కనున్న పోగును పట్టి లాగుతుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. అలాంటివి లెక్కలేనన్ని కలిసి లాగితే కండ బిగుస్తుంది. ఊపిరి గొట్టాల లోపల సన్నటి నూగు ఉంటుంది. దాన్ని ఊపేది వేరే రకం మోటారు. నూగులో ఉండే సన్నని గొట్టాలను ఒకదాని పక్కన ఒకటి జరుపుతూ దాన్ని వంచుతుంది. ఆ ఊపుతోనే కఫం, ధూళి పైకి వస్తాయి. మగవాడి కణం తోకను ఆడించేదీ ఆ రకం మోటారే. తల్లి కడుపులో ఉండగా గుండె ఎటు ఉండాలో తేలేది కూడా అలాంటి నూగు ఊపుతోనేనట.

"మోటారంటే, మా సాంచాలకు ఉండేలాంటిదా?" అని అడిగాను.

"కరెంటుతో కాదు, మీరు తిన్న అన్నం నుంచి వచ్చే శక్తితో నడుస్తుంది. మీ కండల్లో ఉన్నది బాగానే ఉంది. ఈ రెండో రకమే సరిగా తయారు కాలేదనుకుంటున్నాను."

పుణేలో పెద్ద ఆసుపత్రికి పంపింది. అక్కడ సన్నటి బ్రష్‌తో నా ముక్కు లోపల గీకి, ఆ కణాలను తెర మీద చూపించారు. ముందు ఇంకెవరిదో ఆరోగ్యంగా ఉన్న నూగు చూపించారు. గాలికి జొన్నచేను ఊగినట్టు ఒక్కవైపుకే అలలు అలలుగా ఊగుతోంది. తర్వాత నాది. నిటారుగా నిలబడి ఉంది, అంతే. నా భార్య నా పక్కనే ఉంది. ఆమె వైపు చూడలేక తెర వైపే చూస్తూ ఉండిపోయాను.

వచ్చేటప్పుడు బస్సులో ఆమె, "అత్తకు చెప్పకుండ్రి. నన్ను అనుడు ఆమెకు అలవాటే. మిమ్ముల అంటే మీరు ఓర్సుకోరు" అంది. ఆ మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

సాయంత్రం అమ్మ బీడీలు చుడుతూనే అడిగింది, "ఏమన్నరు పుణేల?"

"లోపం నాదే అవ్వా. నీ కోడల్ల ఏం లేదు" అన్నాను. దగ్గుకూ దానికీ కారణం ఒకటేనని, గుండె కుడివైపు ఉందని, లోపల కదలాల్సింది కదలడం లేదని, పిల్లలు కావాలంటే నా కణాన్ని సూదితో ఆమె అండంలోకి ఎక్కించే పద్ధతి ఉందని తెలిసినంత చెప్పాను.

అమ్మ చెయ్యి ఆగింది. "నా తంబాకుతోనేనా?"

"కాదు. పుట్టుకతోనే వచ్చింది. తంబాకుది ఏం లేదు."

ఆమె మొహం అంత తేటపడటం నేనెప్పుడూ చూడలేదు. అక్కడితో ఆపవలసింది. "మరి ఏడికెళ్లి వచ్చింది?" అని అడిగితే, డాక్టరు చెప్పింది చెప్పేశాను.

"నీకెళ్లి సగం, బాపుకెళ్లి సగం. మీది మేనరికం గద."

చనిపోయిన మా నాన్న ఆమెకు మేనబావ. "గట్లనా" అంది. ఒళ్లోని ఆకులు దులిపి లేచి లోపలికి పోయింది. ఒక బరువు దించి ఇంకోటి పెట్టానని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున నేను మొహం కడుక్కుంటుంటే వీధిలో అమ్మ గొంతు వినిపించింది. బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య నిలబడి చెబుతోంది.

"నా కోడల్ని నోటికొచ్చినట్టు అన్న. దాంట్ల ఏం లేదు. కమీ నా కొడుకుల ఉన్నది. అది మా నెత్తురుల నుంచే వచ్చింది. ఇగ ఎవలన్న దాన్ని అంటే నాతోటి మాట్లాడుండ్రి."

నా చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఆమె లోపలికి రాగానే అరిచాను. "వాడకట్టంత దండోరా ఎందుకేసినవ్?"

"ఇన్నేండ్లు దాని మీద దండోరా ఏసిన. అప్పుడెందుకు ఒర్రలేదు నువ్వు?"

నా భార్య పొయ్యి దగ్గర అటు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను అన్నం తినకుండానే పనికి పోయాను. అక్కడ సాంచాల చప్పుడులో ఒకడు నా దగ్గరికొచ్చి, "ఏంది రా, నీ దిల్ కుడిదిక్కు ఉన్నదట? చూపెట్టు" అని నా ఛాతీ మీద చెయ్యి పెట్టాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మిగతాది ఎవరూ అడగలేదు. అడగనందుకే ఎక్కువ సిగ్గేసింది.

సూది పద్ధతికి పోవాలో వద్దో మేమింకా తేల్చుకోలేదు. నా భార్య అడిగినప్పుడల్లా చూద్దాం అంటున్నాను. కఫానికి మాత్రం రోజూ చేయాల్సింది ఒకటి చెప్పారు. తల కిందికి వాలేలా మంచం మీద బోర్లా పడుకోవాలి, ఎవరైనా అరచేతులు దొప్పల్లా చేసి వీపు మీద తట్టాలి. మొదట్లో తలుపు వేసి తట్టమనేవాణ్ని. మొన్న నా భార్య పుట్టింటికి పోతే అమ్మ తట్టింది. దగ్గి దగ్గి గిన్నెలో ఉమ్మాను. ఆమెకు కనబడకుండా గిన్నెను మంచం కిందికి నెట్టబోతే, వంగి తీసుకుంది.

"ఇంక ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది" అన్నాను. మళ్లీ బోర్లా పడుకున్నాను.