లెక్కలో వేయని చెరకు

జహీరాబాద్‌లో సోలార్ పెట్టించుకున్నవాళ్లలో సగం మంది విరూపాక్షను తిట్టుకున్నవాళ్లే. దుకాణం వాళ్లు సరుకు అమ్మితే, ప్యానెళ్లు ఎక్కడ, ఎంత వాలులో పెట్టాలో కంప్యూటర్‌లో గీసి చెప్పడం అతని పని. మేడెక్కి పక్కింటి ట్యాంకు కొలుస్తాడు. అక్కడ ఇంకా లేవని గోడను కూడా గీసి, దాని నీడ ఎంత కరెంటు తింటుందో లెక్క తీస్తాడు.

"పక్కాయన నా సొంత బామ్మర్ది సార్, ఇంకో అంతస్తు ఎయ్యడు" అని ఎవరన్నా అంటే, "బామ్మర్దులే ముందుగాల ఏస్తరు" అనేవాడు.

అలాంటివాడు సొంత పనికొచ్చేసరికి బోల్తా పడ్డాడు.

మొగుడంపల్లి దారిలో అతనికి సన్నటి నేల చెక్క ఉంది. భార్య సుష్మ తన కుట్టుమిషన్ అమ్మేసి మరీ అందులో సోలార్ పిండి గిర్నీ పెట్టింది. దక్షిణం వైపు పొలం చెన్నబసప్పది. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే సైకిలు. ఆ పొలంలో అప్పుడే చెరకు కొట్టేశారు, మోళ్లు మాత్రం మిగిలాయి.

"చెన్నా, మళ్ల చెరుకేనా?" అని అడిగాడు విరూపాక్ష.

"ఛల్! మోళ్లు దున్నేసి అల్లం ఏస్త. సుష్మ గిర్నీ ముంగట చెరుకు పెంచుతనా? నేనేం పగోన్నారా?"

విరూపాక్ష లెక్కలో ఆ పొలం పైరు ఎత్తు దగ్గర సున్నా కొట్టాడు. చలికాలపు ఎండ వాలి వస్తుంది కాబట్టి ప్యానెళ్లను కాస్త నిటారుగా నిలిపి, రోడ్డు వైపు ఖాళీ వదిలి, చెన్నబసప్ప గట్టు పక్కనే దించాడు. చెన్నబసప్ప మోళ్లను నేలకు చదునుగా చెక్కించి నీళ్లు పెడుతున్నాడు. దున్నబోయేవాడు మోళ్లకు నీళ్లెందుకు పెడతాడు? రైతు బిడ్డకు తట్టాల్సిన మాటే. దోస్తు కాబట్టి తట్టలేదు. పిలకలు లేచాక అడిగితే, "దున్నుత తీయ్, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

చలి మొదలయ్యేసరికి చెరకు రెండు నిలువులెత్తు లేచింది. దాని నీడ ప్యానెళ్ల కింది వరస మీద పడింది. కింది వరస నీడలో పడితే దానితో కలిపి కట్టిన దండంతా నీరసిస్తుంది. ఈ ముక్క ఊరందరికీ చెప్పినవాడు విరూపాక్షే. గిర్నీ మూలిగి ఆగింది.

జొన్నలు తెచ్చిన బస్వమ్మ మూట మళ్లీ నెత్తికెత్తుకుంది. "మీ ఆయన ఎండను కొలుస్తడంట గద బిడ్డా? మా జొన్నలకు గూడ జరంత కొలిచి పెట్టుమను."

ఆమె పోయాక సుష్మ అంది: "గిరాకొచ్చేదే ఈ చలికాలంల. గిట్లనే ఉంటే బంద్ చేసుడే ఇగ."

విరూపాక్ష తిన్నగా చెరకు తోటలోకి పోయాడు.

"అల్లం అంటివి గదరా, చెన్నా."

"అన్న. ఫ్యాక్టరీకి ముందే ఒప్పుకుంటి."

"ముందే అంటే?"

"నువ్వు అడగకముందే."

"మరి నాకెందుకు చెప్పలే?"

చెన్నబసప్ప చెరకు ఆకు తుంచి నలిపాడు. "చెప్తే నువ్వు ప్యానెళ్లు రోడ్డు దిక్కు పెట్టుకుందువు. నా ట్రాక్టర్ ఎట్లకెల్లి పోవాలె?"

రోడ్డు వైపు ఖాళీ విరూపాక్షదే. దోస్తీ మీద ఇన్నేళ్లూ చెరకు బండ్లను అందులోంచి పోనిచ్చాడు. చెన్నబసప్ప నోరు తెరిచి అడిగుంటే ఆ దారి వదిలేసి, ఇనుప కాళ్లు పొడుగు చేయించి ప్యానెళ్లను ఎత్తులో నిలిపేవాడు. అడగలేదు. అబద్ధమాడి సుష్మ గిర్నీని నీడలోకి తోయించాడు. పైగా ఆ నీడను విరూపాక్ష చేత్తోనే గీయించాడు.

ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి, సున్నా చెరిపేసి చెరకు ఎత్తు వేశాడు. ప్యానెళ్లను రోడ్డు వైపుకు జరిపి మళ్లీ చూశాడు. చలికాలమంతా ఎండే.

చెరకు కోతలు మొదలవకముందే ఆ దారిలో ప్యానెళ్ల కాళ్లకు గుంతలు తవ్వడం మొదలుపెట్టాడు. చెన్నబసప్ప ఉరికొచ్చాడు.

"తొవ్వ మూస్తవారా? దోస్తువనుకున్న నిన్ను."

"నేను గూడ గట్లనే అనుకున్న" అని విరూపాక్ష మళ్లీ గడ్డపార ఎత్తాడు.