గోడలోంచి రాలిన ఎర్రపొడి

ఇటుకల్లో కలిపే సిమెంటు తగ్గించి దొరికిపోయాడు కాబట్టే మా బావ నా ఇటుకల యూనిట్ వదిలి వెళ్లాడని బిలాస్‌పూర్ తెలుగువాళ్లలో చాలామంది ఇన్నాళ్లూ నమ్మారు. అది అబద్ధం. ఆ మాట నేను పుట్టించలేదు. విని ఊరుకున్నాను.

ఆయన మా అక్క భర్త. పవర్ ప్లాంటు బూడిదతో ఇటుకలు చేస్తానని నేను రైల్వే కాంట్రాక్టులు మానేసినప్పుడు, నవ్వకుండా నా వెంట వచ్చింది ఆయనొక్కడే. తఖత్‌పూర్ రోడ్డు పక్కన మట్టి ఇటుక బట్టీల కోసం వరి పొలాల పైమట్టి గీకేస్తుంటే చూసి నాకు ఆ ఆలోచన వచ్చింది. మీటింగుల్లో ఆ గుంటల గురించే మాట్లాడేవాణ్ణి. మాటలు నావి, ఇటుక ఆయనది.

ఉస్లాపూర్‌లో నా ఇల్లు మొదలుపెట్టినప్పుడు అమ్మ అంది: “బూడిదితో ఇల్లేటిరా? నాను బూడిదవడానికి ఇంకా టైముంది!”

నవ్వేశాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఊరందరికీ ధైర్యం చెప్పినవాడికి సొంత ఇంటి దగ్గర ధైర్యం చాలలేదు. బావ బూడిద తోలించే పని మీద కోర్బాలో ఉన్న నెలల్లో, మా ఇటుకల లోడు ఇంకెవరికో పంపేసి, తఖత్‌పూర్ రోడ్డు బట్టీ నుంచే ఎర్ర ఇటుక తెప్పించాను. ప్లాస్టరు వేశాక ఏ గోడైనా ఒకటే. ఇటుకలు కొనడానికి వచ్చినవాళ్లకు ఇవి బూడిద ఇటుకలేనని ఆ గోడలు తట్టి మరీ చూపించేవాణ్ణి.

నాకు పర్యావరణ అవార్డు ఫలకం ఇచ్చారు. దాన్ని తగిలించడానికి బావే డ్రిల్లు తెచ్చాడు. నేను స్టూలు పట్టుకున్నాను. గోడలోంచి ఎర్రపొడి నా చేతుల మీద రాలింది. ఆయన డ్రిల్లు ఆపి, పొడిని వేలితో తీసి చూశాడు.

“ఇదేటిరా?”

“అమ్మ భయపడిందని...”

“అమ్మ మీదికి నెట్టకు. మీ అక్కా బయపడింది. నీ ఇల్లు సూపించే దాన్ని ఒప్పించాను. లింగియాడీహ్‌లో మాది బూడిద ఇల్లే.”

స్టూలు దిగి, ఫలకాన్ని మంచం మీద బోర్లా పెట్టాడు. “ఎర్రగా, సక్కగా ఉంది నీ ఇల్లు,” అని వెళ్లిపోయాడు. మళ్లీ ఇంటికీ రాలేదు, యూనిట్‌కీ రాలేదు.

కొన్నాళ్లకు టీ కొట్టు దగ్గర ఒకాయన అడిగాడు: “అచ్ఛా, మీ బావ సిమెంటు తగ్గించేసేవోడట గదా?” కాదంటే అసలు సంగతి చెప్పాలి. “పోనీండి, ఇప్పుడెందుకు,” అన్నాను. ఆ తర్వాత ఏ యూనిట్ వాళ్లూ ఆయన్ని పనిలోకి రానివ్వలేదు. అక్క నాతో మాట మానేసింది. అమ్మ పోయింది. పెళ్లి మాట నేనెప్పుడో వదిలేశాను. అంత ఇంట్లో ఒక్కడినే మిగిలాను.

ఈమధ్య తెలుగు సంఘం భోజనాల్లో లేచి నిలబడి ఇదంతా చెప్పాను. బావ వరుస చివర ఉన్నాడు. తలెత్తలేదు. వడ్డించేవాళ్లతో, “మజ్జిగ ఇటేపు,” అన్నాడు. చేతులు కడుక్కునే చోట ఒకాయన ఆయన్ని ఆపి, తన మేడ పని చూసిపెట్టమని అడుగుతుంటే విని, నేను బయటికి వచ్చేశాను.

గోడకు ఆ కన్నం అలాగే ఉంచాను. ఎవరైనా వస్తే ముందు దాన్నే చూపిస్తున్నాను. బూడిద ఇటుక ఇల్లు చూడాలంటే లింగియాడీహ్ వెళ్లి మా బావను అడగమని, దారి చెప్పి పంపిస్తున్నాను. నేను మాత్రం ఆ వీధిలోకి ఇంకా వెళ్లలేదు.