తొంభై ఆరు మెట్లు

నూకరత్నం మొగుడు పోయాక స్టీల్ ప్లాంటులో చేరింది. పదహారేళ్లుగా క్రేన్ నడుపుతోంది. ఆ క్రేన్ గదికి ఇనుప మెట్లు తొంభై ఆరు. యాభై ఒకటో ఏట న్యుమోనియా వచ్చి ఆమె దమ్మంతా లాగేసింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కింద ఆఫీసులో కూర్చోబెట్టారు. అక్కడ చుట్టూ పదిమంది ఉన్నారు గానీ, ఆమెతో ఒక్కరికీ పని పడేది కాదు.

మూడు నెలల్లో దమ్ము తిరిగొస్తే మళ్లీ క్రేన్ ఎక్కనిస్తానన్నాడు డాక్టరు. రోజూ మెట్లెక్కమన్నాడు. ఎక్కుతూ మాట్లాడగలిగితే సరే, మాట తెగితే నిదానించమన్నాడు.

ప్లాంటు క్వార్టర్సు సెక్టర్ 4లో ఆమె ఉండే బ్లాకుకి నలభై ఎనిమిది మెట్లు. మొదటిరోజు ఇరవయ్యో మెట్టుకే కళ్లు బైర్లు కమ్మి కూలబడింది. మాట్లాడి చూద్దామంటే పక్కన ఎవరున్నారు? ఈపూట బెండకాయ వేపుడు చేశాననీ, కుళాయి నీళ్లు ఆలస్యమయ్యాయనీ గోడకే చెప్పుకుంది.

కింది వాటా సత్యలక్ష్మి తలుపు తీసింది. "ఏటి రత్నమ్మా, ఎవులితో మాటాడతన్నావు?"

"మా సెల్లితో. ఫోన్లో."

ఆమెకి చెల్లెలు లేదు. మర్నాటి నుంచి చెవికి ఫోను ఆనించుకునే ఎక్కింది.

రెండు వారాలకి ఆగకుండా పైకి చేరింది. నెల తిరిగేసరికి వరసగా రెండుసార్లు ఎక్కి దిగింది. తర్వాత ఐదు కిలోల గోధుమపిండి సంచీ భుజానికి తగిలించుకుంది. ఒకరోజు సత్యలక్ష్మి తోడొస్తానంది. రత్నం సంబరపడి రెండు గ్లాసుల నిమ్మరసం కలిపి పెట్టింది. రెండో అంతస్తు దాటకుండానే సత్యలక్ష్మి మోకాళ్లు పట్టుకుని వెనక్కెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. రెండు గ్లాసులూ రత్నమే తాగింది.

మూడు నెలలు నిండాక డాక్టరు పరీక్షించి, పైకెళ్లొచ్చని రాసిచ్చాడు.

సోమవారం పొద్దుటి షిఫ్టులో ఎక్కడా నిలబడకుండా ఎక్కింది. గదిలో కుర్చీ ఎవరో పొడుగాటి మనిషికి తగ్గట్టు వెనక్కి జరిపి ఉంది. ముందుకి లాక్కుని, అద్దం తుడిచి కిందికి చూసింది. కింద బరువులు కట్టే చిట్టిబాబు పదేళ్లుగా ఆమెకి సైగలు చేసే మనిషి. చెయ్యి ఊపుతాడేమోనని కాసేపు చూసింది. నిన్న కూడా ఆమే ఉన్నట్టు అతను చూపుడువేలు పైకెత్తి తిప్పి, ఎత్తమన్నాడు. మరుక్షణం అటు తిరిగిపోయాడు.

రత్నం లీవరు లాగింది. బరువు మెల్లగా నేల వదిలింది.