టెట్టియస్ ప్రార్థన మళ్ళీ మొదటికొచ్చింది

పాతకాలపు రోము నగరానికి రేవైన ఓస్టియాలో తాళ్ళు పేనే టెట్టియస్‌కి ఒకటే జబ్బు. ప్రార్థన మధ్యలో ఏ చప్పుడైనా సరే, మళ్ళీ మొదటినుంచి అందుకుంటాడు. తలమీదికి బట్ట లాక్కుని, ఇంటిదేవతల గూటి ముందు చిటికెడు ధూపం వెయ్యడానికి ఎంతసేపు కావాలి? ఆయనకి మాత్రం శనగల జావ గడ్డకట్టేంతసేపు కావాలి. ఎలుక కిచకిచలాడితే అపశకునం, పక్కింటి తలుపు కిర్రుమంటే అపశకునం.

ఒకసారి కిందింటి కోడి కూతకి విసిగి, ఆయన భార్య ఒప్పియా దాన్ని కొనుక్కొచ్చి వండేసింది. మూకుడు చిటపటలాడిందని ఆయన మళ్ళీ మొదలెట్టాడు.

"దేవుడికేమైనా చెవుడా? ఒక్కసారి చెబితే చాలదూ?" అంది ఒప్పియా.

"తప్పు దొర్లిందని తెలిసీ ఎలా ముగించనే?" అన్నాడాయన.

ఇంత నిష్ఠాపరుడి నోటి మాటంటే ఓడ యజమాని లార్షియస్‌కి మహా గురి. రేవు బలిపీఠం దగ్గర టెట్టియస్ ప్రార్థన ముగిస్తే తప్ప లంగరు ఎత్తనిచ్చేవాడు కాదు.

ఆ వసంతంలో ఓడ బయల్దేరే రోజునే, చుక్కాని పట్టే రూసో భార్య గల్లాకి పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. పోయినసారి బిడ్డ దక్కలేదు, ఆమె బతకడమే గగనమైంది. ఒక్క పూట ఆగుదామని రూసో బతిమాలాడు. గాలి బాగుంది, కనేది నువ్వు కాదుగా అన్నాడు లార్షియస్. ఓడ కదిలిందంటే భార్య ఉందో లేదో అతనికి నెలలదాకా తెలీదు.

టెట్టియస్ తలమీద బట్ట కప్పుకున్నాడు. నీటికాకి అరిచింది, మళ్ళీ మొదటికొచ్చాడు. ఎవడో దగ్గాడు, మళ్ళీ మొదటికే. చప్పుళ్ళన్నీ సద్దుమణిగాక ఆయన నాలుకే తడబడింది. ఎండ నడినెత్తికొచ్చింది. ప్రార్థన చివర ధారపొయ్యాల్సిన ద్రాక్షసారా కూజా పట్టుకు నిలబడ్డ ఒప్పియాకి తల కొట్టేసినట్టయింది.

"ఇప్పుడేం వినిపించిందండీ?" అంది గొంతు తగ్గించి.

"చేప తోకాడించింది."

లార్షియస్ గోళ్ళు కొరుక్కుంటున్నాడే గాని, ముగియని ప్రార్థనతో ఓడ కదిపే ధైర్యం చెయ్యలేదు.

అప్పుడొచ్చింది గల్లా చెల్లెలు, రొప్పుకుంటూ. ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా క్షేమం అని చెప్పింది. రూసో చుక్కాని వదిలేసి ఓడ అంచుకి పరిగెత్తుకొచ్చాడు. చుక్కాని పట్టేవాడి మనసు ఇక్కడ లేకపోతే ప్రార్థన చెల్లదు, వెళ్ళి బిడ్డని చేతుల్లోకి ఎత్తుకుని రమ్మన్నాడు టెట్టియస్. అతను వెళ్ళి, కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చాడు.

టెట్టియస్ మళ్ళీ మొదలెట్టాడు. సరిగ్గా ఆయన వీపు వెనకే ఓ గాడిద ఓండ్రపెట్టింది. దానిమీది జాడీలు భళ్ళున నేలమీద పడ్డాయి. ఆయన గుక్క తిప్పుకోకుండా ప్రార్థన ముగించి సారా ధారపోశాడు. బతుకుజీవుడా అనుకుంటూ లార్షియస్ ఓడెక్కాడు.

తిరిగొస్తూ దారిలో ఒప్పియా మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"గాడిద అరుపు వినబడలేదా మీకు?"

"ఏ గాడిద?" అన్నాడు టెట్టియస్, తమ వీధి వదిలేసి గల్లా వాళ్ళ వీధిలోకి తిరుగుతూ.