గోడ మీద చిన్నాయన

మా అవ్వ గ్యాసు సిలిండరుకు భయపడేది. గుడి బయట విప్పిన చెప్పులు పోతాయేమోనని భయపడేది. దయ్యాలకు మాత్రం భయపడేది కాదు. దయ్యాలంటే ఆమెకు, దారి తప్పిన చుట్టాల మీద ఉండేటంత జాలి.

జార్జి టౌన్‌లో మా సందు ఎంత ఇరుకంటే, మూటల బండి ఒకటి వస్తే ఎదురొచ్చే మనిషి ఎవరింటి అరుగైనా ఎక్కి నిలబడాల్సిందే. కింద చిన్నాయన మిరపకాయల మండీ, మేడ మీద మా కాపురం. అమ్మా నాయనా పొద్దున్నే అంబత్తూరు ఫ్యాక్టరీలకు పోతే చీకటి పడ్డాకే రావడం. నాది పొద్దుటి కాలేజీ. మధ్యాహ్నం నుంచి ఇంట్లో నేనూ అవ్వా, కింద తుమ్ముకుంటూ చిన్నాయనా.

నాలుగింటికి కాఫీతో పాటు సాయంత్రం పేపరు వచ్చేది. అది అరవ పేపరు. అవ్వకు అరవం మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. నాకు అరవం చదవడం వచ్చు, తెలుగు మాట్లాడితే సగం అరవమే దొర్లేది. అందుకని నేను చదివి తెలుగులో చెప్పాలి, అవ్వ వింటూ నా తెలుగు దిద్దాలి. రాజకీయాలు అక్కర్లేదు, బంగారం ధర అక్కర్లేదు. ఆమెకు కావలసింది లోపలి పేజీలో మూలన వేసే వింతలు. దొంగతనానికి వచ్చి ఏసీ చల్లదనానికి నిద్రపోయినవాడు. వేరే మంటపంలో దూరి, భోంచేసి, చదివింపులు కూడా చదివించి వచ్చిన మగపెళ్ళివారు. స్నానం చేయిస్తుంటే లేచి కూర్చుని కాఫీ అడిగిన శవం.

"కాఫీ అడిగిందా? అట్లయితే అది మనూరి శవమే," అంది అవ్వ తృప్తిగా.

నాకు ఇవాళ ఇంత తెలుగు వచ్చిందంటే ఆ శవాల పుణ్యమే.

దయ్యాల సినిమా వస్తే మ్యాట్నీకి పోవాల్సిందే. నడిచిపోయేంత దూరంలో పాత థియేటరు ఉండేది; ఇప్పుడక్కడ లారీలు నిలుపుకుంటున్నారు. ఆడవాళ్ళం ఇద్దరమే పోకూడదని చిన్నాయనను లాక్కుపోయేది అవ్వ. యాభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, దయ్యమంటే ప్రాణభయం. టైటిల్సు పడగానే కళ్ళు మూసుకునేవాడు.

"పోయిందా మా?"

"పోయిందిరా, కళ్ళు తెరువు," అనేది అవ్వ, సరిగ్గా అది తెర నిండా నోరు తెరిచినప్పుడు.

ఆమె మాత్రం తీరిగ్గా విచారణ జరిపేది. "దానికి ఆ తెల్లచీర రోజూ ఎవురు ఉతికి పెడతా ఉండారు? అంత జుట్టు విరబోసుకోని తిరిగితే చిక్కు పడదా? చంపింది మొగుడైతే వాణ్ణి పట్టుకోవాల గానీ, పాపం ఆ ఇల్లు కొన్నోళ్ళని పట్టుకుంటే ఏం న్యాయం?" ముందు వరుసల వాళ్ళు వెనక్కి తిరిగి, దయ్యాన్ని వదిలేసి అవ్వను చూసేవాళ్ళు.

చిన్నాయనకు ఒకే ఒక స్నేహితుడు. మా సందులోనే పుట్టి, రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పని దొరికి పెరంబూరు క్వార్టర్స్‌కు పోయినాయన. మేం పెరంబూరాయన అనేవాళ్ళం. ప్రతి ఆదివారం వచ్చేవాడు. వచ్చి, అవ్వ ముందు కూర్చుని, వాళ్ళ షెడ్డులో పట్టాలు ఎక్కకుండానే పాడైపోయిన ఒక పెట్టె గురించి చెప్పేవాడు. ఎవరూ లేని ఆ పెట్టెలో బెర్తులు వాటంతటవే కిందకి దిగుతాయట, గురక వినిపిస్తుందట. అవ్వ చప్పట్లు కొట్టి వినేది. చిన్నాయన లేచి కిందకి పోయి మిరపకాయలు చూసుకునేవాడు. వీపు మీద చరిచి మళ్ళీ పైకి లాక్కొచ్చేవాడు ఆ స్నేహితుడు. నలభై ఏళ్ళుగా ఇదే ఆట అని అవ్వ చెప్పేది.

ఆ రోజు బుధవారమో గురువారమో. పొద్దున కొట్టు తలుపులు తీసిన కాసేపటికి మూటలు మోసే మనిషి వచ్చి, గడప అవతలే నిలబడి, చిన్నాయన వైపు చూసి రెండు చేతులూ జోడించాడు.

"ఏమప్పా, మూట దించవా?" అన్నాడు చిన్నాయన.

ఆ మనిషి వెనక్కి వెనక్కి నడిచి, మూటా బండీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. తాగి ఉంటాడనుకున్నాడు చిన్నాయన. ఆ తర్వాత పక్క సందు ధనియాల వ్యాపారి వచ్చాడు. చేతిలో నిలువెత్తు గులాబీ మాల. కళ్ళు తుడుచుకుంటూ లోపల అడుగు పెట్టి, గల్లా దగ్గర కూర్చున్న చిన్నాయనను చూసి కొయ్యబారిపోయాడు. వర్తకుల సంఘంలో తనకేదో పదవి ఇచ్చారని చిన్నాయన అనుకున్నాడు. సిగ్గుపడుతూ లేచి, "నాకెందుకన్నా ఇవన్నీ," అంటూ మెడ కూడా వంచాడు.

మాల నేల మీద పడింది. వ్యాపారి సందు చివరిదాకా పరుగెత్తడం నేను మెట్ల మీద నుంచి చూశాను.

కాలేజీకి బయలుదేరిన నాకు మలుపులో విషయం తెలిసింది. గోడ మీద, మూత్రం పోయరాదు అని రాసిన చోటికి కాస్త పైన, కొత్తగా అంటించిన పోస్టరు. జిగురు ఇంకా కారుతోంది. మా ఊళ్ళో మనిషి పోతే తెల్లవారేసరికి గోడలకెక్కే కన్నీటి అంజలి. రెండు వైపులా దీపాలు, పైన ఎగిరిపోయే పావురం, మధ్యలో నవ్వుతూ మా చిన్నాయన. ఇప్పుడే కదా కింద తుమ్మాడు!

పరుగున వెనక్కి వచ్చి చిన్నాయనకు చెబితే నమ్మలేదు. చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను. దారిలో టీ కొట్టాయన ఆయనను చూసి గ్లాసు జారవిడిచాడు. చిన్నాయన పోస్టరు ముందు నిలబడి ముందుగా చొక్కాను గుర్తుపట్టాడు. "ఇది పెరంబూరోడి కూతురి పెండ్లిలో తీసింది. ఇద్దరం పక్కపక్కన నిలబడినాం. ఇది ఎట్ల..." అంటూ కింద అక్షరాల మీదికి చూపు దించాడు.

గోడ మీద ముఖం చూస్తారు గానీ పేరు చదివేవాళ్ళెవరు? చిన్నాయన చదివాడు. ఫోటో తనది, పేరు స్నేహితుడిది.

అప్పటికి చుట్టూ పదిమంది పోగై నవ్వడం మొదలుపెట్టారు. "సామీ, మీకు నూరేండ్లు!" అన్నారెవరో. చిన్నాయన ఎవరింటిదో అరుగు మీద కూర్చుండిపోయాడు. "వాడు పోయినాడు పాపా," అన్నాడు నాతో. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

రాత్రి గుండెపోటు. ఫోను చేశారట. రాత్రి పూట వచ్చే ఫోన్లు మంచివి కావని నమ్మి, సెల్లు ఆపేసి పడుకోవడం చిన్నాయనకు అలవాటు.

ఇంతలో ఎవరో మేడ మీద అవ్వకు కొడుకు పోస్టరు సంగతి మోసేశారు. ఆమె గోడ పట్టుకుని, చెప్పులు లేకుండా వచ్చింది. పోస్టరు చూసింది. అరుగు మీద కొడుకును చూసింది. రెండు చేతులతో ఆయన చెంపలు తడిమి, చెవులు తడిమి, చొక్కా గుండీల మధ్య నుంచి అరచెయ్యి ఛాతీకి ఆనించి కాసేపు అట్లాగే ఉంచింది. దయ్యాలను విచారణ చేసే మా అవ్వ పెదాలు వణకడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"ఉండావు గదరా," అంది చివరికి. "మా కాలంలో కాకి తల మీద తంతే గండమని, మనిషి పోయినాడని మేమే చుట్టాలకు దొంగ కబురు పంపేవాళ్ళం. వాళ్ళు ఏడిస్తే గండం పోతాదని. నీకు ఎవురూ కబురు పంపకుండానే గండం పోయింది లే." తర్వాత పేరు విని ఆమె కూడా అరుగు మీద కూలబడింది. "ఆ బిడ్డా? నిన్నగాక మొన్న ఆదివారం నాకు బెర్తుల కథ చెప్పినాడే."

"నేను పోవాల మా," అన్నాడు చిన్నాయన. "కానీ ఆడ జనం నన్ను చూసి ఏమనుకుంటారో."

"దయ్యమనుకుంటారు. అనుకోనీ. స్నేహితుడి చావుకు రాని మనిషి కన్నా, వచ్చిన దయ్యం మేలు."

ముగ్గురం ఆటోలో పెరంబూరు పోయాం. క్వార్టర్స్ వీధి మొదట్లోనే షామియానా, డప్పులు, ప్లాస్టిక్ కుర్చీలు. షామియానా మొగదల నిలువెత్తు ఫ్లెక్సీ. దానికి చామంతి దండ. సరిగ్గా దాని కిందే ఆటో ఆగింది. దండ వేసిన తన ముఖం కింద నుంచి చిన్నాయన దిగాడు. మొదట ఒక డప్పు ఆగింది, ఆ తర్వాత అన్నీ ఆగాయి. కుర్చీలోని ఒక ముసలామె, "ముందే చెప్పినానే, ఈయన పోయేవాడు కాదని," అంది పక్కామెతో. కాఫీలు పంచుతున్నాయన ఒక గ్లాసు చిన్నాయనకు చాచి, ఇవ్వాలో వద్దో తెలియక మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

పెరంబూరాయన అల్లుడు పరుగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడినంత పని చేశాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది అతనికి. "మామా, మన్నించండి. ఫోటోలో ఇద్దరుండారు, కుడి పక్క ఉండేది మా మామ అని ప్రెస్సులో చెప్పినా. చూసేవాళ్ళ కుడి పక్కా, ఫోటోలో వాళ్ళ కుడి పక్కా అని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. కట్టినాక చూసుకున్నాం, మార్చే టైము లేకపోయింది."

చిన్నాయన అతని భుజం తట్టి లోపలికి నడిచాడు. గాజు పెట్టెలో స్నేహితుడు, పక్కన నేల మీద ఆయన భార్య. మేం పిన్నమ్మ అని పిలిచేవాళ్ళం. రాత్రి నుంచి ఆమె ఏడవలేదని, రాయిలాగా కూర్చుందని ఎవరో అవ్వ చెవిలో చెప్పారు. ఆమె తలెత్తింది. గుమ్మంలో నిలబడిన చిన్నాయనను చూసింది, ఆయన వెనక గాలికి ఊగుతున్న ఫ్లెక్సీని చూసింది. ఆమె ముఖం చిత్రంగా ముడుచుకుని, ఒక్కసారిగా నవ్వు తన్నుకొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగని నవ్వు.

"చూడండన్నా," అంది. "పోతా పోతా గూడా మిమ్మల్ని భయపెట్టే పోయినాడు." ఆ మాట చివర్లో నవ్వు విరిగి ఏడుపయింది. అవ్వ పోయి ఆమెను ఒళ్ళోకి లాక్కుంది.

తెర మీద దయ్యాన్ని కూడా చూడలేని చిన్నాయన, ఆ పెట్టె పక్కన సాయంత్రం దాకా కూర్చున్నాడు. కళ్ళు మూసుకోలేదు. పాడె లేపేటప్పుడు ముందు భుజం ఇచ్చాడు.

మర్నాడు పేపరు మామూలుగానే వచ్చింది. లోపలి పేజీలో, మూలన: తన అంత్యక్రియలకు తానే వచ్చిన మృతుడు, బంధువుల పరుగులు. చదివి చెప్పమంది అవ్వ. చెప్పాను. ముగ్గురు మూర్ఛపోయారని, వ్యాపారి ఆత్మ ఆటో దిగి కాఫీ అడిగిందని రాశారు.

"ఒకరు గూడా మూర్ఛపోలేదే! వీడు కాఫీ యాడ అడిగినాడు?" అని ఆగి, గ్లాసు కింద పెట్టింది. "ఆ పెట్టెలో పడుకున్నోడి గురించి ఒక్క ముక్కన్నా రాసినారా?"

"లేదవ్వా."

"ఇన్ని రోజులూ మనం నవ్వినామే, వాటన్నింట్లో గూడా ఎవురో ఒకరు ఇట్ల పడుకోనే ఉంటారు గదా." తర్వాత, "వాళ్ళు రాయకపోతే పోయింది, నువ్వు కలుపుకోని చదువు," అంది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి పెరంబూరాయనను కలిపాను, ఆయన ఆదివారాలను కలిపాను. అవ్వ దిద్దుతూ వింది.

కొన్ని నెలలకు పిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. చిక్కిపోయింది. కూతురింట్లో అందరూ తననే చూస్తుంటారని, కన్నీళ్ళు వస్తే బాత్రూంలో కుళాయి విప్పుకుంటానని అవ్వతో చెప్పింది. అవ్వ కాసేపు ఆలోచించి, "చెప్పులేసుకో," అంది. థియేటర్లో కొత్త దయ్యం వచ్చి ఉంది.

ఏడాది తిరగలేదు, ఎవరన్నా చూస్తే ఏమంటారని పిన్నమ్మ గునిసింది. చీకట్లో ఎవరు చూస్తారంది అవ్వ. చిన్నాయన టికెట్లు తెచ్చాడు. బొమ్మ మొదలైన కాసేపటికి బావిలోంచి చెయ్యి ఒకటి పైకి వచ్చింది. హాలంతా కేక పెట్టింది. పిన్నమ్మ కూడా పెట్టింది. అందరి కేకలూ ఆగాక కూడా ఆమెది ఆగలేదు. తర్వాత అది ఏడుపయింది, పెద్దగా, వెక్కి వెక్కి. ముందు వరుసలో ఎవరూ వెనక్కి తిరగలేదు. దయ్యం సినిమాలో ఒక ఆడమనిషి ఏడిస్తే వింతేముంది? అవ్వ ఆ రోజు తెల్లచీర మీద గానీ జుట్టు మీద గానీ ఒక్క మాటా అనలేదు. పిన్నమ్మ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని తెర వైపే చూస్తూ కూర్చుంది.

బయటికి వచ్చేసరికి ఎండ ఇంకా ఉంది. పిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, గేటు పక్కన అరటికాయ బజ్జీలు వేస్తున్న బాణలి వైపు చూసింది.

"ఆకలేస్తా ఉందమ్మా," అంది అవ్వతో.

చిన్నాయన అప్పటికే బజ్జీల బండి వైపు నడుస్తున్నాడు.