కడ్డీ వైపు చూడని అక్క

ఖమ్మం క్రీడా హాస్టల్లో నాకు సీనియర్ అయిన ఆ అక్కది భద్రాచలం అడవుల్లోని ఊరు. పొడవాటి కర్ర ఊతంతో ఎత్తులో ఉన్న కడ్డీ మీదుగా దూకే పోల్ వాల్ట్ చేసేది. పోటీలకు వెళ్లాలంటే ఆ పొడవాటి పోల్స్‌ను బస్సు పైన కట్టించడమే పెద్ద తంటా. "ఏందమ్మా, బోరు పైపులా?" అని ప్రతి కండక్టరూ అడిగేవాడు. చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి "అవ్ అన్నా" అనేసేది.

నాకు అర్థం కానిది మాత్రం ఇంకోటి. దూకి పరుపు మీద పడ్డాక కళ్లు తెరిచేది కాదు. పైన కడ్డీ నిలిచిందో లేదో తను చూడకుండా "ఉన్నదా?" అని నన్నడిగేది.

"నువ్వే చూడొచ్చు కదక్కా?" అన్నానొకసారి.

"మా నాయిన తేనె తియ్యనీకి చెట్టెక్కితే మా అమ్మ పైకి చూడదు. కింద కండ్లు మూసుకొని 'ఉన్నవా?' అంటది. 'ఉన్న' అని ఇనపడ్డంకనే తెరుస్తది" అంది.

జిల్లా జట్టు ఎంపికల రోజు ఎదురుగాలి. గాలి తగ్గేదాకా ఆగుదామంటే, పేరు పిలిచాక నిమిషంలోపు దూకాల్సిందే. రెండుసార్లు కడ్డీ పడిపోయింది. ఆఖరిదైన మూడోసారి మోకాలు కడ్డీకి తగిలింది.

"ఉన్నదా?" అంది, కళ్లు మూసుకునే.

కడ్డీ ఇంకా ఊగుతూనే ఉంది. నేనూ కళ్లు మూసుకున్నాను.